టీచరమ్మ సంచిలో మూడు మందులు

మా నాన్నది సికింద్రాబాద్‌లో కిరాణా దుకాణం. శొంఠి, వాము, నెయ్యి ఒకేసారి కట్టించుకుంటే ఆ ఇంట్లో కాన్పు దగ్గరపడిందని ఆయన ఇట్టే చెప్పేవాడు. పద్మారావు నగర్‌లో నేను మందుల షాపు పెట్టాక ఆ చూపు నాకూ అబ్బింది. కాకపోతే ఆయనకది పుట్టుకతో వచ్చింది, నాకు ఒక టీచరమ్మ వల్ల వచ్చింది.

ఆవిడ కోస్తా నుంచి వచ్చి ఇక్కడే పనిచేసి రిటైరైన టీచరు. డెబ్బై దాటాయి. ఆదివారం చర్చి పాటల బృందంలో నిలబడి పాడాలి, మోకాళ్లు నిలబడనివ్వవు. అందుకని నొప్పి గోళీలు కొనేది. డాక్టర్ చీటీ లేకుండా ఇచ్చిందీ నేనే. గిరాకీని వెనక్కి పంపే వంశం కాదు మాది.

ఒకరోజు ఆవిడ నొప్పి గోళీలతో పాటు నెలనెలా వాడే గుండె గోళీలు కూడా అడిగింది. రక్తం పలచబడేందుకు డాక్టర్ రాసినవవి. ఆపైన కడుపు మంటకు గ్యాస్ మందు సీసా. ఆ నెలలో అది మూడోది. సంచిలో వేయబోతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆ వయసులో నొప్పి గోళీ, గుండె గోళీ కలిస్తే కడుపులో పుండు పడి రక్తం కారవచ్చు. ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు, దొడ్డి నల్లగా రావడమే గుర్తు.

"టీచరమ్మా, దొడ్డికి నల్లగ వస్తున్నదా?" అని అడిగేశాను, నలుగురు గిరాకీల ముందు.

"ఏమిటయ్యా ఆ ప్రశ్న! ఇంగితం ఉందా?" అంటూ సంచి లాక్కుని, ఏమీ కొనకుండా వెళ్లిపోయింది.

నా నోటిని తిట్టుకున్నాను. ఎదుటి మందుల షాపువాడు ఏమీ అడగకుండా ఆ గోళీలు ఇచ్చేస్తాడు. అదీ నా భయం. పట్టపగలు షట్టర్ దించి వాళ్లింటికి నడిచాను.

గుమ్మంలోనే నిలబెట్టింది. "క్షమాపణకొచ్చావా, అమ్మకానికొచ్చావా?"

"బేరానికొచ్చిన. ఇయ్యాల్నే డాక్టర్‌కు చూపించుకోండ్రి. ఏం లేదంటే ఏడాది మందులు ఊరికే ఇస్త."

"ఆరు నెలలు చాలు. నువ్వు దివాలా తీస్తే నాకు మందులెవరిస్తారు?" అని, గొంతు తగ్గించి చెప్పింది. "నాలుగు రోజులుగా నల్లగానే పోతోందయ్యా. వయసు కదా అనుకున్నాను."

ఆటో నేనే పిలిచాను. ఆస్పత్రిలో రక్తం తక్కువుందన్నారు. నోట్లోంచి గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు కనిపించింది, ఇంకా రక్తం కారుతోంది. ఇంకో వారం ఆగితే చెయ్యి దాటిపోయేదట. నొప్పి గోళీ మాన్పించారు. గుండె గోళీని మాత్రం డాక్టర్లే చూసుకుని, కడుపు కాచే మందుతో కలిపి మళ్లీ మొదలుపెట్టించారు.

నెల తర్వాత చీటీ పట్టుకుని వచ్చింది. మోకాళ్లకు పూత మందు, వ్యాయామం రాశారట. ఇప్పుడు కుర్చీలో కూర్చునే పాడుతోందట.

"ఇంత సరైన వేళకు ఎవరు పంపారమ్మా అని డాక్టర్ అడిగాడు," అంది అందరూ వినేలా. "మా మందుల షాపాయన అన్నాను. నా క్లాసులో ఉంటే ఫస్టు వచ్చేవాడని కూడా చెప్పాను."

స్కూల్లో నేను ఏనాడూ పాస్‌మార్కులు దాటలేదు. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. ఇంటికెళ్లి టీచరమ్మ మాటను మా ఆవిడకు వినిపించాను, మళ్లీ వినిపించాను. మూడోసారి మొదలుపెడితే, "ఏందీ, జెర ఊపిరి తీస్కో. ఫస్టొచ్చినోళ్లు అన్నం తినరా?" అంది.