గాలి తొడుగుకు అస్తరు

ఆ రోజుల్లో మా అఫ్జల్‌గంజ్ దర్జీ దుకాణాల్లో కత్తెరకు జరిగిన మర్యాద ఇప్పుడు పెద్ద పెద్ద ఆఫీసర్లకు కూడా జరగడం లేదు. సూది ఎవరైనా పట్టవచ్చు, మిషన్ ఎవరైనా తొక్కవచ్చు. బట్ట మీద కత్తెర పెట్టే హక్కు మాత్రం ఉస్తాద్‌ది. నేను ధూల్‌పేట నుంచి రోజూ నడిచి వచ్చి ఐదేళ్ళు గుండీలు కుట్టాను. ఇరవై ఏళ్ళొచ్చాయి, మీసాలొచ్చాయి, పెళ్ళి మాటలూ మొదలయ్యాయి, కత్తెర మాత్రం రాలేదు. "పిలగాడు ఏం చేస్తడు?" అని పిల్ల తరఫు వాళ్ళు అడిగితే "గుండీలు కుడతడు" అని చెప్పడానికి మా అమ్మకు నోరాడేది కాదు. (నిజానికి నా గుండీలు మహా బాగుండేవి. ఆ సంగతి పిల్లనిచ్చేవాళ్ళకు ఎవరు చెప్తారు?)

అప్పుడే యుద్ధం అయిపోయింది. ఊరి బయట విమానాల మైదానంలో మకాం పెట్టిన ఫౌజు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయింది. ఇక అక్కడ సొంత విమానాలున్న షోకు దొరలూ, విమానం నడపడం నేర్చుకుందామని సరదా పడేవాళ్ళూ చేరారు. ఒకరోజు అక్కడి చౌకీదారు మీసాల తాత, చినిగిపోయిన ఒక పొడుగాటి గుడ్డ గొట్టాన్ని భుజాన వేసుకుని మా దుకాణం మెట్లెక్కాడు. "ఫౌజోళ్ళు పొయిన్రు ఉస్తాద్, ఇది పీలికలైంది. గాలి ఎటు కొడుతుందో పైనున్నోళ్ళకు గీ తొడుగే చూపిస్తది. విమానం గాలికి ఎదురుగ దిగాలె గద! అచ్చు గిట్లనే ఒకటి కుట్టియ్యున్రి. ఐతారం నాడు చిన్న దొర విమానం దిగుతది" అన్నాడు.

ఉస్తాద్‌కు చేతి నిండా పెళ్ళి షేర్వానీలు. ఎర్రటి పల్చని బట్ట తీసి, ఆ గొట్టం కొలతకు కత్తిరించి నా ఒళ్ళో పడేశాడు. "అరే బక్కోడా, ఇది మొత్తం నువ్వే కుట్టు. మంచిగొచ్చిందంటే కత్తెర నీ చేతికిస్త. మాటంటే మాట, జుబాన్!" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పాత తొడుగును తిరగేసి చూసి నవ్వుకున్నాను. లోపల అస్తరు లేదు! పైబట్టకు లోపల వేసే ఆ రెండో గుడ్డ లేకుండా మా దుకాణం నుంచి ఏదీ గడప దాటేది కాదు. ఉస్తాద్ నాకు మొదటి రోజు నేర్పింది అదే. ఫౌజువాళ్ళకు కుట్టుపని ఏం తెలుసు, పాపం అనుకున్నాను. షేర్వానీలకు తెచ్చిన మందపాటి అస్తరులో మిగిలిన ముక్కలు ఏరి, దారాలు తెంపే చిన్న కత్తెరతోనే దొంగచాటుగా సరిచేసి, తొడుగు పొడుగునా వేశాను. మూతి దగ్గర కాలరుకు వేసినట్టు గట్టి బుక్రం గుడ్డ కూడా పెట్టాను. ఎవరూ అడగకపోయినా రెండు వరసల కుట్టు వేశాను. ఉస్తాద్ దూరం నుంచే చూసి "వాహ్!" అన్నాడు. దగ్గరికొచ్చి చేత్తో పట్టుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఆదివారం నాడు టాంగాలో ఉస్తాద్, నేను, టిఫిన్ డబ్బా మైదానానికి చేరాం. ముందు రోజే పట్టుకుపోయిన నా తొడుగును మీసాల తాత అప్పటికే కొయ్యకెక్కించాడు. ఎండలో ఎర్రగా మెరిసిపోతోంది. నా ఛాతీ ఉబ్బిపోయింది. అంతలో గాలి ఒక్క ఊపు ఊపింది, ఉస్తాద్ టోపీ ఎగిరిపోయింది. మీసాల తాత రుమాలు దాని వెనకే పోయింది. నా తొడుగు మాత్రం పెళ్ళిభోజనం చేసి పడుకున్న బావమరిదిలా కదలలేదు.

"ఏందిరా ఇది? నా టోపీ పోయింది గని నీ తొడుగు ఎందుకు ఎగుర్తలేదు?"

"జర బరువున్నది ఉస్తాద్... అస్తరేసిన."

"గాలికి అస్తరా! యా అల్లా!"

అప్పటికే విమానం నెత్తి మీదికి వచ్చేసింది. ఒక చుట్టు తిరిగి, చిన్న దొర కిందికి చూశాడు. తొడుగు వేలాడుతోంది కనుక గాలి లేదనుకున్నాడు కాబోలు, గాలిని వీపున పెట్టుకుని దిగడం మొదలుపెట్టాడు. ఉస్తాద్ ఒంటి మీది షేర్వానీ విప్పి గాలిలో ఊపుతూ పరుగెత్తాడు. దొర దాన్ని స్వాగతం అనుకుని పైనుంచి చెయ్యూపాడు! విమానం నేల తాకింది, ఆగలేదు, మా ముందు నుంచే సర్రున పోయి, మైదానం చివర బర్రెల కోసం కోసిపెట్టిన గడ్డికుప్పలో ముక్కు పెట్టి ఆగింది. దొర బతికున్నాడా అనే భయం ముందు కత్తెరా, పెళ్ళీ ఏవీ గుర్తులేవు.

గడ్డి కదిలింది. నెత్తి నిండా గడ్డితో, తుమ్ముతూ దొర బయటికొచ్చాడు. నేరుగా కొయ్య దగ్గరికి పోయి తొడుగు దింపించి లోపల చెయ్యి పెట్టాడు. "ఈ అస్తరు ఎవరేసిన్రు?"

ఉస్తాద్ నన్ను ముందుకు తోస్తాడనుకున్నాను. ఆయన నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "మా దుకాణమే ఏసింది సర్కార్. అస్తరు లేకుండ ఏదీ పంపొద్దని నేర్పినోణ్ణి నేనే."

నాకు దుఃఖం ఆగలేదు. "లే సర్కార్, నేనేసిన" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

దొర మా ఇద్దరినీ చూశాడు, అస్తరును మళ్ళీ తడిమాడు. "నా షేర్వానీకి గూడ ఇంత మంచి అస్తరు లేదు గదయ్యా!" అని నవ్వబోయి మళ్ళీ తుమ్మాడు.

ఉస్తాద్ నాకిద్దామని వెంట తెచ్చిన పెద్ద కత్తెరను సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. "కొయ్. ఏసినోడే తియ్యాలె." అలా ఐదేళ్ళు ఎదురుచూసిన ఆ కత్తెరతో నేను మొట్టమొదట కోసింది నా సొంత అస్తరునే. రెండు వరసల కుట్టూ విప్పేసరికి (ఎంత గట్టిగా కుట్టానో అప్పుడు తెలిసింది!) పొద్దు వాలింది. కొయ్యకెక్కించగానే తొడుగు ఒళ్ళు విరుచుకుని గాలిలో బారుగా లేచింది. కత్తెర తిరిగి ఇవ్వబోతే ఉస్తాద్ తీసుకోలేదు. "అస్తరు యాడ ఎయ్యాల్నో నేను నేర్పిన. యాడ ఎయ్యొద్దో గియ్యాల నువ్వే నేర్చుకున్నవ్. ఉంచుకో" అన్నాడు.

ఆ నెలలోనే మా అమ్మ "మావోడు కత్తెర పడతడు" అని గట్టిగా చెప్పి నా పెళ్ళి ఖాయం చేసింది. ఉస్తాద్ పోయి చాలా ఏళ్ళయింది. ఆ కత్తెర సాన పట్టీ పట్టీ సగమైంది, నేనూ అంతే. ఇప్పటికీ ఇంటి మీదుగా విమానం పోతుంటే అరుగు మీద కూర్చుని తలెత్తి చూస్తాను. అది దిగే చోట తొడుగు ఎవరు కుట్టారో, నాలాంటి శ్రద్ధగల కుర్రవాడు కాకపోతే బాగుండునని కాస్త ఫికర్ పడతాను.