షిఫ్టు వదిలాక మోగిన హారన్

ఎదుటివాళ్ళ పెదవులు చూస్తే తప్ప సోమలింగానికి మాట సరిగా అందదు. ఇరవై ఆరేళ్ళుగా పరాయి రాష్ట్రంలో, భేస్తాన్‌లో, పవర్‌లూమ్ నడుపుతున్నాడు. షెడ్డులో నూట ఇరవై మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే మనిషి గొంతు పక్క మగ్గం దాకా పోదు. అక్కడ మాటలన్నీ పెదవులతోనూ వేళ్ళతోనూ. నూలు తెగిందంటే రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాలి, సేఠ్ వస్తున్నాడంటే మీసం దువ్వాలి. ఇంట్లో భార్య ఊర్మిళ వంటింట్లోంచి పిలిస్తే పలకడు. పొగరనుకుని ఆమె చాన్నాళ్ళు అలిగింది. చెవి తగ్గిందని ఆయనే ఎన్నడూ అనుకోలేదు. షిఫ్టు వదిలాక ఓ గంటసేపు చెవుల్లో హోరు ఉండటం మగ్గం మనుషులందరికీ మామూలే. అదొక జబ్బని ఎవరు లెక్కపెడతారు?

ఆ రోజు పొద్దున ఏడింటికి రాత్రి షిఫ్టు వదిలారు. సోమలింగం సైకిలెక్కి గేటు దాటాడు. ముందు ఒక టెంపో దారికడ్డంగా ఆగి ఉంది. వెనక్కి చూడకుండా హ్యాండిలు కుడికి తిప్పాడు.

వెనకనుంచి వస్తున్న లారీ ఇనుము భుజానికి తగిలింది. తర్వాత నేల. ఎడమ మణికట్టు విరిగింది, సైకిలు లారీ వెనక చక్రం కింద నలిగిపోయింది. లారీ యాభై గజాలు పోయి ఆగింది.

డ్రైవరు రఘుపతి పారిపోకుండా దిగి పరుగెత్తుకొచ్చాడు. షిఫ్టు వదిలిన పదిహేను మంది అతన్ని చుట్టేశారు. పోయినేడు ఇదే మలుపులో ఒక మగ్గం మనిషి లారీ కింద పడి చనిపోతే ఆ డ్రైవరు ఇప్పటికీ దొరకలేదు. ఆ కోపమంతా ఇవాళ ఈ మనిషి మీదికి మళ్ళింది. సోమలింగం పక్క మగ్గం నడిపే గోపాల్ అతని కాలరు పట్టుకున్నాడు. మూడుసార్లు హారన్ కొట్టానని రఘుపతి హిందీలో మొత్తుకుంటున్నాడు.

"కొట్టిండట. ఇంతమందిమి ఉన్నం గదా, ఎవలకన్న వినపడ్డదా?" అన్నాడు గోపాల్.

ఒక్కొక్కరే తల అడ్డంగా ఊపారు. అబద్ధమాడే మనుషులు కారు వాళ్ళు. మొదటి దెబ్బ రఘుపతి మూతి మీద పడింది. ఒకతను లారీ డీజిల్ టాంకు వైపు నడుస్తూ అగ్గిపెట్టె కోసం జేబులు తడుముకుంటున్నాడు.

గోపాల్ వంగి సోమలింగం మొహంలో మొహం పెట్టి అడిగాడు. "అన్నా, నువ్వు చెప్పు. కొట్టిండా, లేదా?"

లేదనడానికే సోమలింగం నోరు తెరిచాడు. అంతలో గేటు దగ్గర ఇడ్లీబండి పెట్టుకునే జమున గుంపును తోసుకుని లోపలికొచ్చింది.

"మూడుసార్లు కొట్టిండు. నేను విన్న."

"లారీవోని దిక్కు మాట్లాడకు జమునక్కా," అన్నాడు గోపాల్.

"మీ దిక్కే మాట్లాడుతున్న. పానం తీసినంక తెలిస్తే ఏం జేస్తరు? హారన్ నేను మల్ల కొడ్త. అందరు గోడ దిక్కు తిరుగుండ్రి, వినపడ్డోళ్ళు చెయ్యి లేపుండ్రి."

ఎవరూ కదల్లేదు. కింద కూర్చుని మణికట్టు పట్టుకున్న సోమలింగమే చివరికి అన్నాడు, "తిరుగుండ్రి" అని. దెబ్బ తిన్నవాడి మాట కాదనలేక తిరిగారు. గోపాల్ కూడా తిరిగాడు, కాలరు మాత్రం వదల్లేదు. జమున చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, లారీ క్యాబిన్‌లోకి ఎక్కింది.

షెడ్డులో అప్పటికే పగటి షిఫ్టు మగ్గాలు ఆడుతున్నాయి. జమున అరచేయి స్టీరింగు మీద ఒకసారి, రెండోసారి, మూడోసారి పడటం సోమలింగం చూశాడు. ఎక్కడో హైవే మీద మోగినట్టు సన్నగా ఏదో వినిపించింది. ఇందాక టెంపోను తప్పించేటప్పుడు కూడా సరిగ్గా ఇట్లాంటి చప్పుడే వినిపించి, మనకు కాదులే అనుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

లేచిన చేతులు మూడు. ముగ్గురూ కొత్తగా పనిలో చేరినవాళ్ళు.

జమున దిగి వచ్చి వెనకాల నిలబడ్డాక కూడా గోపాల్ గోడనే చూస్తున్నాడు. "ఇంకెప్పుడు కొడ్తది?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. గోపాల్ వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూశాడు. కాలరు మీద పట్టు దానంతటదే సడలింది. టాంకు దగ్గరికి పోయినవాడు అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు.

"హారన్ కొట్టినవ్ సరే," అన్నాడు సోమలింగం రఘుపతితో, ఈసారి హిందీలో. "కొట్టి ఎందుకు నెమ్మది కాలేదు?"

రఘుపతి చిట్లిన పెదవి తుడుచుకున్నాడు. హారన్ వింటే సైకిలు పక్కకు జరుగుతుందనుకున్నానని, బ్రేకు మీద కాలే వేయలేదని చెప్పాడు. పోలీసులు వచ్చాక కూడా ఆ మాటే చెప్పాడు. తప్పు ఎవరిదో ఒక్కరి పేరు చెప్పమన్నాడు కానిస్టేబులు. చూడకుండా తిప్పింది తాననీ, ఆపకుండా వచ్చింది అతననీ, రెండూ రాసేదాకా సోమలింగం సంతకం పెట్టలేదు.

సాక్షులెవరని కానిస్టేబులు అడిగాడు. ముందు వరసలో ఉన్న గోపాల్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నన్ను రాయకుండ్రి సాబ్," అన్నాడు. "జమునక్కను రాయుండ్రి."