గొల్లాయనకిచ్చిన మాట

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, ఆత్మకూరు దగ్గరి మా ఊళ్ళో, చర్చిలోని ఆదివారపు బడి నా చేతికొచ్చింది. అప్పగించింది మా పాస్టరుగారు. అందరం ఆయన్ని అయ్యగారనే పిలిచేవాళ్ళం. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. మా నాయన పోయాక నన్ను కూలికి పోనివ్వకుండా హాస్టల్లో చేర్పించిందీ ఆయనే. అందుకే ఆయన మీద కోపం రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చాక మాత్రం ఇంతవరకూ పోలేదు.

ఆరాధన ముగిశాక పిల్లలకు ముందు పాటలు, తర్వాత ఒక బైబిలు కథ, ఆఖరున పలకల మీద అక్షరాలు చెప్పేదాన్ని. ఒక ఆదివారం గొర్లు కాసుకునే గొల్లాయన ఒకాయన, భుజాన గొంగడితో, పదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"పంతులమ్మా, నా బిడ్డకు నాలుగక్షరాలు రావాలె. ఊరి బడి యాళ్ళకు అది గొర్ల ఎంట ఉంటది. గని మీ దేవుని దిక్కు తీస్కపోవద్దు. మాకు మా దేవుడున్నడు."

"అక్షరాలే చెప్త, అన్నా. నా మాట నమ్ము" అన్నాను.

ఆయన నమ్మాడు. పాటలూ కథా అయిపోయాకే ఆ పిల్ల వచ్చి కూర్చునేది. ఎంత చురుకో! 'ఙ' దగ్గర ఆగి, "ఇది దేనికి పనికొస్తది పంతులమ్మా?" అని అడిగింది. నాకూ తెలియదన్నాను. పిల్లలంతా పడీపడీ నవ్వారు. వానాకాలం పోయేసరికి ఒత్తులు కూడా రాసేస్తోంది.

అప్పుడు బడికి గదులు కట్టించే సంగతి తేల్చడానికి పట్నం నుంచి మా చర్చి సంఘం పెద్దలు జీపులో వచ్చారు. పిల్లలందరినీ ఉతికిన బట్టలతో రమ్మన్నారు అయ్యగారు. నేను ఆయన ఇంట్లో టీ కాచి, పళ్ళెం పట్టుకుని బయటికొచ్చేసరికి, గొల్లవారి పిల్ల ముందు వరసలో నిలబడి ఉంది. చేతిలో కొత్త బైబిలు.

"గొల్లల ఇండ్లలకెల్లి మనకొచ్చిన మొదటి ఫలం ఇది. పిల్ల తండ్రి కూడ మనల కలువనీకి తయారుగ ఉన్నడు" అంటున్నారు అయ్యగారు. పెద్దలు చప్పట్లు కొట్టారు. ఒకాయన ఫొటో తీశాడు. ఫొటో దిగడం అదే మొదటిసారేమో, ఆ పిల్ల నన్ను చూసి మురిసిపోతూ నవ్వింది. నేను నోరు మూసుకుని అందరికీ టీ ఇచ్చాను.

నాలుగు రోజులకు గొల్లాయన మా ఇంటి ముందుకొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా బిడ్డను మీల కలుపుకున్నరంట. మా కులపోళ్ళు నా ఇంట్ల నీళ్ళు ముడ్తలేరు. మాటిచ్చినవ్ గదా పంతులమ్మా?"

నేను అప్పటికప్పుడే అయ్యగారి దగ్గరికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

"ఆయన తయారుగ ఉన్నడని మీకెవలు చెప్పిన్రు?"

"ఇయ్యాల కాకుంటె రేపయితడు. గిట్ల చూపియ్యకుంటె మన బడికి గదులెట్ల వస్తయి బిడ్డా?"

"గదుల కోసం పిల్లను ఎర ఏస్తరా?"

"నోరు జాగ్రత్త! నీకు చదువు చెప్పింది నేను."

"చెప్పిన్రు కాబట్టే అడుగుతున్న. అబద్ధమాడొద్దని మీరే గదా నాతోని కంఠతా పట్టిచ్చిన్రు? వచ్చి గొల్లల పెద్దలకు నిజం చెప్పుండ్రి."

ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు.

నేనొక్కదాన్నే గొల్లల కులపెద్ద ఇంటికి పోయాను. పదిమంది మధ్య నిలబడి, "ఆ పిల్లకు బాప్తిస్మం ఇయ్యలే. మా అయ్యగారు చెప్పింది అబద్ధం. నేను అక్కడే ఉన్న" అన్నాను.

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే?" అని అడిగాడు ముసలాయన.

తల వంచుకుని నిలబడ్డాను. అయినా నన్ను నమ్మి, గొల్లాయనను మళ్ళీ కలుపుకున్నారు. పిల్లను మాత్రం ఆయన పంపలేదు. "నువ్వు మంచిదానివే పంతులమ్మా. గని నీ మాట నీ చేతుల లేదు" అన్నాడు.

మరుసటి ఆదివారం అయ్యగారు నాకు విశ్రాంతి అవసరమని ప్రకటించి, బడిని తన మేనల్లుడికి ఇచ్చారు. ఆడవాళ్ళు ఆరాధన మధ్యలో మాట్లాడే కాలం కాదది. నేను లేచి నిలబడి, "విశ్రాంతి నేనడగలే. నిజం చెప్పినందుకు తీసేస్తున్నరు" అన్నాను. ఒక్కరూ తలెత్తలేదు. చాప మీద నా పక్కన కూర్చున్న మా అమ్మే నా కొంగు పట్టి కిందికి లాగింది.

రెండేళ్ళకు బడికి గదులొచ్చాయి. ఇప్పటికీ మా వాళ్ళు వాటిని చూపించి ఆయన్ని పొగుడుతారు. నా చదువు ఆయన పెట్టిందేనని నేనూ ఒప్పుకుంటాను. గొల్లవారి పిల్ల సంగతి ఎత్తితే మాత్రం, "పాత ముచ్చట ఇప్పుడెందుకు?" అంటారు. ఒళ్ళు మండిపోతుంది నాకు.

ఆ పిల్ల ఆ తర్వాత ఒక్కసారే కనబడింది, ఆత్మకూరు సంతలో. నాకంటే పొడుగయింది. తనే వచ్చి పలకరించింది.

"చదువుతున్నవా?" అని అడిగాను.

"యాడ చదువు పంతులమ్మా! సగం అక్షరాలు మర్సిపోయిన" అని నవ్వి, గొర్లను తోలుకుంటూ పోయింది.

నేను కొనాల్సినవేవీ కొనకుండానే వెనక్కి తిరిగాను. ఇల్లు చేరేదాకా అయ్యగారిని తిట్టుకుంటూనే ఉన్నాను. మధ్యమధ్యలో, టీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నన్ను కూడా.