చెల్లెలి సీటు ముందున్న తెర

సింగపూర్ నుంచి తిరిగొచ్చాక మా చెల్లెలు నంద్యాలలో వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది. ఆళ్లగడ్డ నుంచి నేనూ మా ఆయనా పొద్దున్నే బస్సెక్కి వెళ్లాం. భోజనాలయ్యాక చెల్లెలి మొగుడు, మా మరిది, తన ఫోనును గోడమీదున్న పెద్ద టీవీకి కలిపాడు.

"అందరూ కూసోండప్పా, ఇమానం చూపిస్తా" అన్నాడు.

విస్తళ్లు తీస్తున్నవాళ్లు కూడా చేతులు కడుక్కుని వచ్చి చల్లటి బేతంచెర్ల బండల నేల మీద కూర్చున్నారు.

టీవీలో ముందుగా ఒక సీటు వెనకభాగం కనిపించింది. దానికి బిగించిన చిన్న తెర. తెరమీద నీలంగా సముద్రం, సముద్రం మీద తెల్లటి బుల్లి విమానం, అది వచ్చిన దారంతా ఒక గీత. పక్కన ఎత్తు, వేగం, బయటి చలి, దిగడానికి ఇంకెంత సేపు పడుతుందో, అన్నీ మారుతూ ఉన్నాయి. ఇంతలో ఎవరిదో వేలు తెరను తాకింది. పటం పోయి విమానం ముందు భాగంలో అమర్చిన కెమెరా దృశ్యం వచ్చింది. పైలట్లకు ఎదురుగా ఏం కనిపిస్తుందో దాదాపు అదే. మబ్బులు విడిపోయాయి. రన్‌వే మొదట దారప్పోగులా ఉండి, వెడల్పవుతూ వెడల్పవుతూ మా మీదికి వచ్చేసింది. చక్రాలు నేలను తాకగానే బొమ్మ అదిరింది. హాల్లో ఆడవాళ్లు "అమ్మో" అంటూ వెనక్కి జరిగారు.

నేను జరగలేదు. నా కళ్లు అంకెల మీదే ఉన్నాయి.

"ఆ నెంబర్లేంది?" అని చెల్లెలి అత్తగారు అడిగింది.

"నాకేం తెల్సత్తా? ఏవో తిరుగుతాంటాయి" అంది చెల్లెలు, వక్క నములుతూ.

ఊరుకోలేకపోయాను. "అది నేలమీద లెక్కగట్టిన వేగం. గాలి ఎనక నుంచి తోస్తే పెరుగుతాది, ఎదురొస్తే తగ్గుతాది. కిందిది ఎత్తు, అడుగుల్లో" అన్నాను.

ఆ పెద్దావిడ నా వైపు తిరిగి, "నువ్వెప్పుడెక్కినావమ్మా ఇమానం?" అంది.

"ఎక్కలేదు."

"మరెట్ల తెల్సు?"

అందరూ నవ్వారు. ఆమె నన్ను చిన్నబుచ్చాలని అడగలేదు, తెలియకే అడిగింది. అయినా పోయేటప్పుడు చేతిలో పెట్టిన ప్రసాదం నాకు చేదుగా అనిపించింది.

నాకెట్లా తెలుసో చెబుతాను. ఆళ్లగడ్డలో మా మిద్దె మీద నేను మిరపకాయలు ఎండబోసినా, వడియాలు పెట్టినా తల ఆకాశంలోనే ఉంటుంది. మా ఊరి మీదుగా ఎన్నో విమానాలు పోతాయి. చిన్నప్పుడు చెల్లెలితో కలిసి నంద్యాలలో మా పుట్టింటి మిద్దె మీద నిలబడి వాటికి చేతులూపేదాన్ని. చెల్లెలు కాసేపు ఊపి, మెడ నొప్పని కిందికి దిగిపోయేది. నేను విమానం చుక్కై మాయమయ్యేదాకా చూసేదాన్ని. ఇప్పుడు నా ఫోన్లో ఒక యాప్ ఉంది. తలమీద పోతున్న విమానం ఎక్కడ లేచింది, ఎక్కడ దిగుతుంది, ఎంత ఎత్తులో ఉంది, అన్నీ చెబుతుంది. పసుపురంగు బుల్లి విమానం పటం మీద అహోబిలం కొండలు దాటుతుంటే నేను తలెత్తి అదే విమానాన్ని వెతుక్కుంటాను. దొరికితే ఆ రోజంతా నాకు ఉషారు. పైలట్ల గది లోపల ఏ మీట ఎక్కడుంటుందో వీడియోల్లో చూసి చూసి నేర్చుకున్నాను. మా ఆయన "మళ్లా ఎక్కినావా పైకి?" అంటాడు గానీ అడ్డు చెప్పడు.

ఆ సింగపూర్ ప్రయాణం నాది కూడా కావాల్సింది. నా కడుపుమంటకు అసలు కారణం అదే. మా ఆయనకు ఆళ్లగడ్డలో, మరిదికి నంద్యాలలో విత్తనాల అంగళ్లు. ఒకే కంపెనీ సరుకు అమ్ముతారు. బాగా అమ్మిన డీలర్లకు ఆ ఏడు కంపెనీవాళ్లు, భార్యతో సహా సింగపూరైనా పోవచ్చు, మోటార్‌సైకిలైనా తీసుకోవచ్చు అన్నారు. మా ఆయన నన్నొక మాట అడగకుండా మోటార్‌సైకిల్ రాయించుకొచ్చాడు. నాకు తెలిసేటప్పటికి అది అంగడి ముందు పూలదండేసుకుని నిలబడి ఉంది. మరిది మాత్రం సింగపూర్ రాయించుకున్నాడు.

"నాల్గు రోజులు తిరిగొస్తే ఏమొస్తాది? ఇదైతే పదేండ్లు పనికొస్తాది" అన్నాడు.

రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. ఆ కోపం మెల్లగా అతని మీద నుంచి జారి చెల్లెలి మీదికి పోయింది. ఎందుకు పోయిందో నాకే అర్థం కాదు. దాని తప్పేమీ లేదు. విమానమంటే ఏ ఆశా లేనిది, మెడ నొప్పని దిగిపోయినది, ఆ తెర ముందు కూర్చుంది. నేనైతే ఆ తెరమీద ప్రతి అంకె ఎప్పుడు మారిందో కళ్లార్పకుండా చూసేదాన్ని. అడగని వాళ్లకు వడ్డించినట్టయిందని ఉడికిపోయాను.

వ్రతం తర్వాత చెల్లెలు ఆ వీడియో నాకు పంపింది. మిద్దె మీద ఒక్కదాన్నే కూర్చుని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసినప్పుడల్లా ఒక వంక దొరికేది. చెయ్యి వణుకుతోంది, దీనికి తీయడం కూడా రాలేదని గొణిగేదాన్ని. ఎత్తు చూపించేచోట ఇంకాసేపు ఆగొచ్చు కదా అని తిట్టుకునేదాన్ని. ఒకరోజు చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఆదివారం కారులో యాగంటి గుడికి పోతాండాం. నువ్వూ బావా రాండి."

"మోకాళ్లు నొప్పి. మీరు పోయి రాండి" అన్నాను.

మోకాళ్లకేం కాలేదు. కారులో దారి పొడవునా సింగపూర్ కబుర్లు వినాల్సి వస్తుందని భయం. ఆ ఆదివారం ఎండలో రెండుసార్లు మిద్దెక్కి దిగాను, ఆ మోకాళ్లతోనే.

కొన్ని నెలలకు బెంగళూరులో మా ఆయన అన్న కొడుకు పెళ్లి కుదిరింది. అప్పటికి కర్నూలు దగ్గర ఓర్వకల్లు నుంచి బెంగళూరుకు విమానం నడుస్తోంది. పెళ్లిపత్రిక చేతికి రాగానే చెప్పేశాను.

"నేను బస్సెక్కను, రైలెక్కను. ఇమానంలోనైతేనే వస్తా."

"ఏం పిచ్చి నీకు? ఓర్వకల్లుకు పోయే లోపల సగం దూరం బస్సే లాక్కపోతాది."

"పోనీ."

మోటార్‌సైకిల్ సంగతి నా నోటెంట రాకముందే అతనికి గుర్తొచ్చినట్టుంది. సరేనన్నాడు.

నా మొదటి విమానం రెక్కల కింద పంకాలు తిరిగే చిన్న విమానం. మెట్లు తోక దగ్గర ఉన్నాయి. పైలట్లు ఆ చివర ముందెక్కడో ఉన్నారు. ఎక్కేటప్పుడు లోపలికి తొంగి చూడొచ్చని పెట్టుకున్న ఆశ అక్కడే పోయింది. సీటు వెనక తెర లేదు, పుస్తకాలు పెట్టుకునే సంచి ఉంది. ఫోన్ విమానం గుర్తులో పెట్టమన్నారు, పెట్టగానే నా యాప్ నిలిచిపోయింది. ఎంత ఎత్తులో ఉన్నామో, ఎంత వేగంతో పోతున్నామో, కింద కనిపించేది ఏ ఊరో ఏదీ తెలియలేదు. కింద ఉన్నప్పుడు ప్రతి విమానం సంగతీ తెలిసేది, ఎక్కాక నేనున్న విమానం సంగతే తెలియలేదు. కిటికీలోంచి ఎర్రమట్టి చేలు, ఒక చెరువు మెరుపు కనిపించాయి. అందంగానే ఉన్నాయి. కానీ నా పక్కన చెల్లెలి తెర ఒకటి వెలుగుతున్నట్టే ఉండి, నన్ను వాటిని చూడనివ్వలేదు.

నీళ్లిచ్చిన అమ్మాయిని అడిగాను. "పైలట్లుండే గది ఒకసారి చూడొచ్చా అమ్మా?"

"ఎగిరేటప్పుడు ఎవ్వరినీ రానివ్వరు మేడం. దిగినాక కెప్టెన్‌ని అడుగుతాను" అంది.

మాట వరసకు అందనుకున్నాను. బెంగళూరులో అందరూ దిగుతుంటే ఆ అమ్మాయే వచ్చి మమ్మల్ని ఆగమంది. తర్వాత ముందుకు తీసుకెళ్లింది. సామాన్లు పెట్టే ఇరుకు దాటి, తలుపు దగ్గర నిలబడ్డాను. మా అమ్మాయి వయసుండే కెప్టెన్ వెనక్కి తిరిగి నవ్వింది. ఆమె తెలుగే.

"రండమ్మా. ఏం చూడాలి?"

చేత్తో చూపించాను. "అది ఎత్తు చూపించేది. ఇది విమానం ఎటు వాలిందో చెప్పేది. అవునా?"

ఆమె పక్క పైలట్ వైపు చూసి, మళ్లీ నన్ను చూసింది. "మీకెట్లా తెలుసు?"

చెల్లెలి ఇంట్లో విన్న ప్రశ్నే. కానీ ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె ఏ మీట ఎందుకో చెబుతూ పోయింది. సగం నాకు తెలిసినవే, అయినా తెలియనట్టు మళ్లీ విన్నాను. మా ఆయన నా వెనక నిలబడి ఫొటో తీశాడు. నేను ఏడుస్తున్నట్టు ఉన్నానట అందులో.

విమానాశ్రయంలో ఫోన్ మామూలు చేయగానే టింగు టింగుమంటూ బొమ్మలొచ్చి పడ్డాయి. అన్నీ చెల్లెలు పంపినవే. నా దగ్గరున్న యాప్‌నే తనూ ఫోన్లో వేసుకుందట. పటం మీద పసుపు విమానం ఓర్వకల్లు దాటింది, అనంతపురం దగ్గరుంది, బెంగళూరు మీద తిరుగుతోంది. కింద ఎత్తు, వేగం. ఒక్కోదాని కింద "అక్కా ఇదో నువ్వు" అని రాసింది.

ముద్దుగా పంపిందని తెలుసు. కానీ నాకు ముందొచ్చింది ఈర్ష్యే. నా ప్రయాణం పటం కూడా నాకు కాక దానికే కనిపించింది!

వెంటనే పైలట్ల గదిలో తీసిన నా ఫొటో దానికి పంపాను. ఇప్పుడు నీ వంతు, ఉడుకు, అనుకున్నాను. నిమిషం కాకముందే ఫోన్ చేసింది.

"అక్కా, నీకు భయం కాలేదా?"

"భయమెందుకు?"

"నాకు సచ్చేంత భయం. సింగపూర్ పోయేటప్పుడు ఒళ్లంతా చెమట. ఆ తెరమీద నెంబర్ తగ్గినప్పుడల్లా పడిపోతాండామని ఈయన చెయ్యి పట్టుకుని గోళ్లతో రక్కినా. ఈడియో తీసింది ఆయనే. చెయ్యి వణికింది నా వల్లే. నేను కండ్లు తెరిస్తే గదా! మీ అందరి ముందర చెప్పుకోనీకి సిగ్గేసింది."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నిన్ను ఆ గదిలో చూస్తే ఎంత సంతోషమైందో. మా అత్తకు చూపించినా. 'ఆయమ్మకన్నీ తెల్సులే' అనింది" అంటూ నవ్వింది.

దాని గొంతులో ఎక్కడైనా ఒక్క చుక్క అసూయ ఉంటుందేమోనని వెతికాను. లేదు. మా ఆయన పెట్టె లాగుతూ "రా, టాక్సీ వచ్చింది" అన్నాడు. పెళ్లింటికి పోయేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నేను నెలల తరబడి కుళ్లుకున్నది చెల్లెలు చూడనే చూడని దృశ్యం కోసం. దానికి నవ్వుకోవాల్సింది. కానీ ఇంకొకరికి దొరికినదాన్ని చూసి అంత తేలిగ్గా సంతోషపడడం దానికెట్లా వచ్చిందా, ఒకే తల్లి కడుపున పుట్టి నాకెందుకు రాలేదా అని మళ్లీ చెల్లెలి మీదే కుళ్లుకుంటూ కూర్చున్నాను.