ఫెయిలుగారి కోడలి చైనా ప్రయాణం

ఎక్కి గెంతి చూడనిదే దేన్నీ నమ్మని మనిషి ఆయన. కుర్చీ కనిపిస్తే కూర్చునే ముందు నాలుగు వైపులా ఊపి చూస్తాడు. కిటికీ అయితే పదిసార్లు తెరిచి మూస్తాడు. గొడుగు కొంటే వానాకాలం దాకా ఆగడు, స్నానాల గదిలో కుళాయి కింద విప్పుకుని నిలబడతాడు. అన్నీ అయ్యాక ఆయన నోట వచ్చే తీర్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఫెయిల్." అందుకని వీధిలో అందరూ ఆయన అసలు పేరు మరిచిపోయి ఫెయిలుగారు అనడం మొదలుపెట్టారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పేరు పలకడానికి వీలుగానే ఉందని, అభ్యంతరం లేదని చెప్పాడు.

ఇందులో తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. నిచ్చెనలు తయారుచేసే కంపెనీలో ముప్పై రెండేళ్ళు పరీక్షల విభాగంలో పనిచేశాడు. కొత్త నిచ్చెన ఎక్కడం, పై మెట్టు మీద నిలబడి గెంతడం, విరగకపోతే దిగడం, విరిగితే పడడం. పనికిరాని దాని మీద సుద్దముక్కతో ఇంటూ గీసేవాడు. రిటైరయ్యాక నిచ్చెనలు పోయాయి గానీ సుద్దముక్క చొక్కా జేబులో ఉండిపోయింది. తన పెళ్ళిలో కూడా వేదిక మీద ముందు రెండుసార్లు గెంతి, ఆ తర్వాతే పెళ్ళికూతుర్ని పైకి రమ్మన్నాడట. ఒక స్నేహితుడి కొత్తింటికి వెళ్ళి మేడమెట్ల మీద గెంతితే ఆ స్నేహితుడు ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. "మెట్లు పాసయ్యాయని చెప్పాను కదా, ఇంకా కోపమెందుకు?" అని ఆయన ఇప్పటికీ అడుగుతూంటాడు.

అలాంటి ఇంటికి కోడలై వచ్చింది నోట్లో నాలుక లేని పిల్ల. ఆమెకి అన్ని మాటలూ వచ్చు, "కాదు" అన్నదొక్కటే రాదు. చెప్పుల కొట్టులో అమ్మే మనిషి మర్యాదగా మాట్లాడాడని ఒక సైజు చిన్న చెప్పులు కొనుక్కుని ఆరు నెలలు కుంటింది. పక్కింటావిడ రెండ్రోజులు పిల్లిని చూసిపెట్టమంటే సరేనంది. ఆ పిల్లి ఇప్పుడు వీళ్ళింట్లోనే మూడు పిల్లల్ని కని స్థిరపడింది.

ఆమె ప్లాస్టిక్ కుర్చీలు చేసే కంపెనీలో నాణ్యత చూసే ఉద్యోగి. కళ్ళు మాత్రం అసాధ్యమైనవి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఇట్టే పట్టేస్తుంది. కంటికి దొరికిన లోపం నోటిదాకా రాకపోవడమే చిక్కు. తప్పున్న కుర్చీ చేతిలో పట్టుకుని, దాన్ని చేసిన మనిషి మొహంలోకి చూసి, "ఫరవాలేదులెండి" అనేసేది. ఆ తర్వాత భోజనం మానేసి తనే కూర్చుని ఆ అంచు గీకి సరిచేసేది.

ఒకరోజు మేనేజరు పిలిచాడు. కొత్త రకం కుర్చీల కోసం కంపెనీ చైనాలో అచ్చులు చేయిస్తోంది. ఎవరో ఒకరు నాలుగు నెలలు అక్కడే ఉండి ఒక్కో అచ్చునూ చూడాలి. బాగుంటే సంతకం పెట్టాలి, బాగాలేకపోతే తిప్పి పంపాలి. ఒక్క అచ్చు తప్పైతే దాంట్లోంచి వచ్చే లక్ష కుర్చీలూ తప్పే అవుతాయి. "నువ్వు వెళ్తావా?" అన్నాడు మేనేజరు. ఆమె అంతవరకు విమానం ఎక్కలేదు. వాళ్ళ భాషలో ఒక్క ముక్క రాదు. పైగా అక్కడ పనంతా కాదనడమే. ఇన్ని కారణాలూ గొంతుదాకా వచ్చాయి. బయటికి మాత్రం "సరేనండి" అని వచ్చింది.

"కాదనడం రాక, కాదనే ఉద్యోగానికి ఒప్పుకొచ్చావన్నమాట," అని భర్త నవ్వాడు. అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు.

"వాళ్ళు నాలుగు మంచి మాటలు మాట్లాడితే తప్పుడు అచ్చుకి సంతకం పెట్టేస్తాను అత్తయ్యా. నా సంగతి నాకు తెలుసు," అంది.

ఫెయిలుగారు చదువుతున్న పేపరు దించాడు. "ప్రయాణం ఎప్పుడు?"

"ఇంకా రెండు నెలలుంది మావయ్యా."

"అయితే అన్నీ పరీక్షించాలి," అని పేపరు మళ్ళీ ఎత్తేశాడు.

ముందు విమానం సంగతి తేల్చుకున్నాడు. రెండు బీరువాల మధ్య కుర్చీ ఇరికించి, మోకాళ్ళు గోడకి ఆనించి, నడుముకి బెల్టు బిగించుకుని పొద్దున్న ఎనిమిదింటికి కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి చెయ్యెత్తి "మంచినీళ్ళు" అన్నాడు. "కుదుపులుగా ఉంది, లేవకూడదట," అని అత్తగారు టీవీ ముందు నుంచి కదల్లేదు. సాయంత్రం ఆయన లేచేసరికి రెండు కాళ్ళూ తిమ్మిరెక్కి, కొడుకు పట్టుకుని నడిపించాల్సి వచ్చింది. విమానం పాస్, బీరువా పిడి ఫెయిల్ అని తేల్చాడు. పిడి పొద్దుటి నుంచి ఆయన భుజంలో గుచ్చుకుంటూనే ఉందట.

తర్వాత రెండు పుల్లలతో భోజనం. మూడు రోజులు పుల్లలతోనే తింటానని పంతం పట్టాడు. మొదటి రోజు బఠానీలు ఇల్లంతా దొర్లాయి, పిల్లి సకుటుంబంగా వాటి వెంటబడింది. మూడో రోజుకి ఒక్కో గింజా నోటిదాకా చేరుతుంటే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూశారు. ఆ తర్వాత భాష. మాట రాని చోట మనిషి బతకగలడా అన్నది తెలుసుకోవాలని, నోరు మెదపకుండా సబ్బు కొనడానికి తననెవరూ ఎరగని పేటకి వెళ్ళాడు. కొట్టు ముందు నిలబడి ఒళ్ళంతా రుద్దుకుని చూపించాడు. గంట తర్వాత దురద మందుతో తిరిగొచ్చాడు.

"బతకొచ్చమ్మాయ్," అన్నాడు కోడలితో. "స్నానం సంగతే చెప్పలేను."

ఇంతవరకు ఆమెకీ సరదాగానే ఉంది. పెట్టె దగ్గర మొదలైంది అసలు బాధ. వీధి చివర ప్రయాణం సామాన్లు అమ్మే కొట్టుంది. పెట్టెలు, చలికోట్లు, బూట్లు, తాళాలు అన్నీ అక్కడే దొరుకుతాయి. ఫెయిలుగారు స్వయంగా వెళ్ళి ఒక పెట్టె కొనుక్కొచ్చాడు. దాన్నిండా ఇటుకలు పేర్చి, మేడమెట్ల మీద నుంచి దొర్లించి, చక్రాలు తిప్పి చూసి, మూత మీద ఇంటూ గీశాడు.

"చక్రం తిన్నగా తిరగడం లేదు. తీసుకెళ్ళి మార్చుకురా అమ్మాయ్."

"మీరు రారా మావయ్యా?"

"మోకాలు నొప్పి."

పెట్టె కొనుక్కొచ్చేటప్పుడు లేని నొప్పి మార్చుకొచ్చేటప్పుడు ఎలా వచ్చిందని ఇంకొకరైతే అడిగేవాళ్ళు. ఆమె సరేనని పెట్టె లాక్కుంటూ బయల్దేరింది. కొట్టాయనవి పెద్ద కళ్ళద్దాలు, ఆయన గొంతు ఇంకా పెద్దది.

"చక్రం కొంచెం బాగాలేదండీ. ఏమనుకోకండి," అంది ఆమె పెట్టె వైపు చూస్తూ.

"నాకు బాగానే కనిపిస్తోందే."

"అవునండీ. బాగానే ఉందేమో."

పావుగంట తర్వాత అదే పెట్టెతో, దాని మీద ఒక కొత్త గొడుగుతో ఇంటికొచ్చింది. ఫెయిలుగారు గొడుగు తీసుకుని కుళాయి కిందకి వెళ్ళాడు. తడిసి బయటికొచ్చి, "ఇదీ ఫెయిలే. రెండూ మార్చుకురా," అన్నాడు.

ఆ పెట్టె కోసం నాలుగుసార్లు తిరిగింది. నాలుగోసారి కొట్టాయన ఎంత దబాయించినా కదలకుండా అక్కడే నిలబడిపోయింది. మాట రాక నిలబడిందే గానీ ధైర్యంతో కాదు. అయినా అరగంట నిలబడేసరికి ఆయనే విసుక్కుంటూ పెట్టె, గొడుగు రెండూ మార్చిచ్చాడు. ఆ రోజు ఇంటికొచ్చి రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.

ఇక తన వల్ల కాదనిపించి, మర్నాడు చైనా వెళ్ళలేనని చెప్పేద్దామని మేనేజరు గదిలోకి వెళ్ళింది. కాసేపు నీళ్ళు నమిలింది. ఈలోగా మేనేజరే, "అన్నట్టు, అక్కడ ఇంకో నెల ఉండాల్సొచ్చేలా ఉంది, నీకు ఫరవాలేదుగా?" అన్నాడు. లోపలికి వెళ్ళేటప్పుడు నాలుగు నెలలున్న ప్రయాణం బయటికొచ్చేసరికి ఐదు నెలలైంది. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఫెయిలుగారు గుమ్మం దగ్గర నిలబడి కాసేపు చూశాడు. వెనక నుంచి ఒక జత బూట్లు తీసి ముందు పెట్టాడు.

"అడుగున కుట్టు వదులుగా ఉంది. మార్చుకురా."

అత్తగారికి ఒళ్ళు మండింది. "ఆ పిల్ల వెళ్ళడం మీకు ఇష్టం లేకపోతే నోటితో చెప్పండి. ఇలా కాళ్ళరిగేలా తిప్పడమెందుకు?"

"సామాను బాగాలేదే," అన్నాడాయన అమాయకంగా.

కోడలికీ ఆ అనుమానం ఉంది. మావయ్యకి తన మీద నమ్మకం లేదని, అందుకే ఏదో ఒక వంకతో ఆపాలని చూస్తున్నాడని అనుకుంది. అది తలుచుకుంటే చైనా కంటే ఎక్కువ బాధేసేది. అయినా బూట్లు పట్టుకుని వెళ్ళింది. లోపం నిజంగానే ఉంది కాబట్టి వేలు పెట్టి చూపించింది. కొట్టాయన, "ఇంత కూడా చూస్తారా అమ్మా మీరు," అన్నాడు. "నేను చేసే పనే అదండీ," అంది. రెండుసార్లలో పని అయిపోయింది. తాళంకప్ప దగ్గరికొచ్చేసరికి "ఏమనుకోకండి" అనడం మానేసింది. "మీరే సరిగ్గా తిప్పలేదు," అని కొట్టాయన గదిమితే, "అయితే మీరు తిప్పండి, చూస్తాను," అనేసి, ఆ మాట అన్నదెవరా అని వెనక్కి తిరిగి చూసింది. ఫ్లాస్కుకి ఒక్కసారే వెళ్ళింది, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చింది.

ప్రయాణానికి నాలుగు రోజులుందనగా చలికోటు వచ్చింది. ఫెయిలుగారు అది తొడుక్కుని ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి, దిమ్మల మధ్య అరగంట కూర్చుని, మీసాలు గడ్డకట్టించుకుని తిరిగొచ్చాడు. వస్తూనే కోటు వీపు మీద ఇంటూ గీశాడు.

"ఫెయిల్. మార్చుకురా."

ఆమె కోటు తీసుకుని కిటికీ దగ్గర వెలుగులో పరిచింది. కుట్టు కుట్టూ చూసింది. జేబులు బయటికి లాగి చూసింది. తర్వాత అది తొడుక్కుని బయటికి వెళ్ళింది. గంటన్నర తర్వాత ముక్కు ఎర్రగా చేసుకుని వచ్చింది.

"ఐసు ఫ్యాక్టరీలో గంట కూర్చున్నాను మావయ్యా. ముక్కుకి తప్ప ఇంకెక్కడా చలి వెయ్యలేదు. ఇందులో లోపమేంటి?"

"గుండీలు వదులు."

ఆమె ఆరు గుండీలూ ఒక్కొక్కటే లాగి చూపించింది. "గట్టిగా ఉన్నాయి."

"రంగు బాగాలేదు."

"చలి ఆపేది రంగు కాదు కదా."

"నేను ఫెయిలన్నాను. మార్చుకురమ్మంటున్నాను."

"మార్చుకురాను. కోటు బాగుంది. మీ పరీక్షలోనే తప్పుంది మావయ్యా," అంది ఆమె. గొంతు పెంచలేదు, తల దించలేదు.

వంటింట్లో అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో గానీ, ముప్పై ఆరేళ్ళ కాపురంలో గానీ ఆయన పరీక్ష తప్పని ఎవరూ అనలేదు. ఫెయిలుగారు కోడల్ని ఎగాదిగా చూశాడు. ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. కోపమొచ్చిందేమోనని ఆమె వెనకాలే గుమ్మం దాకా వెళ్ళింది.

"నేనే," అంటున్నాడు ఆయన ఫోనులో. ఫోను లేకపోయినా వీధి చివరికి వినిపించే గొంతు అది. "ఆ కోటు రాదు. ఎదురుచూడకు... ప్రయాణం ఆగడమేంటయ్యా, కాదంది. నీతో కాదు, నాతో. మొహం మీదే... వణకలేదు. కొంచెం కూడా వణకలేదు... రెండు నెలల్నించి వంకర సామానంతా ఏరి ఏరి పెట్టావు, ఒప్పుకోవద్దన్నన్ని సార్లూ ఒప్పుకోకుండా పోట్లాడావు, నీకు శ్రమే అయింది. ఆఖరికి నిఖార్సైనది ఒకటి ఇస్తే పట్టుకుంటుందా అనుకున్నాను. పట్టుకుంది. నా చేతే పరీక్ష తప్పించింది." అంటూ నవ్వాడు. ఆయన అంతగా నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆయన ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి కోడలు గుమ్మంలో ఉంది.

"పెట్టె, బూట్లు, తాళం... అన్నీ కావాలనే అలాంటివి తెచ్చారా?"

"ఫ్లాస్కు మాత్రం బాగున్నదనుకునే తెచ్చాను. అదీ అలాగే ఏడిచింది," అన్నాడు ఫెయిలుగారు. తర్వాత సుద్దముక్క జేబులో అటూ ఇటూ కదుపుతూ, "అక్కడ నీ పక్కన నిలబడి ఫెయిలనడానికి నేనుండను కదమ్మా," అన్నాడు.

ఆమెకి కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. నమ్మకం లేక ఆపుతున్నాడనుకున్న మనిషి ఇన్నాళ్ళూ తనని తయారుచేసి పంపుతున్నాడని తెలిసేసరికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ కాసేపు చేసింది.

"కాదనడం నేర్చుకోమని ఒక్క మాట చెప్తే పోయేది కదా మావయ్యా. రెండు నెలలు ఆ కొట్టు చుట్టూ తిప్పారు."

"చెప్తే సరేననేదానివి," అన్నాడు ఫెయిలుగారు.

ఆ మాటని మాత్రం ఆమె కాదనలేకపోయింది.