ఈకల కోటులో నేను కుట్టిన చీర

ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండమ్మా. కొండలెక్కే పిల్లలు ఇంట్లో ఉన్నవాళ్ళు మరికాస్త ముందుకు జరగండి. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా జరిగింది జరిగినట్టు గుర్తుంది.

మాది నరసన్నపేట దగ్గర పల్లె, వరి పండించే ఇల్లు. మా అమ్మాయి నీలవేణి డిగ్రీ అయ్యాక విశాఖపట్నంలో కొండలెక్కే జట్టులో చేరింది. ఆ ఏడు హిమాలయాల్లో మంచుకొండకు వెళ్ళింది. వెళ్ళిన పదహారో రోజున వీడియో ఫోన్ చేసింది. మాట్లాడినంతసేపూ కుడిచేత్తో జుట్టు వెనక్కి తోసుకునే పిల్ల, ఆ రోజు ఆ చెయ్యి పైకి తియ్యలేదు.

"ఆ సెయ్యేదే?" అన్నాను.

"ఉన్నాదమా. కట్టు కట్టినారు. కొంచెం సలి తగిలినాది, అంతే."

"సలికి కట్టెందుకు కడతారే? సూపించు."

చూపించలేదు. ఫోన్ పెట్టేసింది. 

నాలుగు రోజులకు జట్టువాళ్ళు తీసుకొచ్చి విశాఖలో పెద్దాసుపత్రిలో చేర్చారు. కట్టు విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చిటికెనవేలు, ఉంగరపువేలు చివర్లు కాల్చిన వంకాయ తొక్కలా నల్లబడిపోయాయి. నడిమివేలు నిండా బొబ్బలు.

"ఫ్రాస్ట్‌బైట్ అమ్మా," అన్నారు డాక్టరు గారు. "చలికి కండ గడ్డకట్టి రక్తం ఆడడం లేదు."

"కోసేస్తారా బాబూ?"

"ఇప్పుడే చెప్పలేం. బతికిన కండకీ చచ్చిన కండకీ మధ్య గీత దానంతటది తేలాలి. వారాలు పడుతుంది. తొందరపడితే బాగుపడే వేలు కూడా పోతుంది."

స్కాన్ తీశారు. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్. ఆ గీత ఎంత కిందికి దిగుతుందో అని నేను ప్రతిసారీ వేళ్ళ కణుపులే చూసేదాన్ని. ఒక రోజు డాక్టరు గారు, "లోపల ఏం వేసుకున్నావమ్మా?" అని అడిగారు. అది నా ముఖంలోకి ఒకసారి చూసి, "మామూలు ఇన్నరే సార్. గ్లౌజు జారిపోయింది," అంది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

మూడో వారంలో జ్వరం వచ్చింది. వేళ్ళలో చీము. ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ మార్చి సెలైన్‌లో ఎక్కించారు. బట్టల కోసం నేను ఇంటికి వచ్చి, ఉతుకుదామని దాని కొండ సంచి విప్పాను. బాతు ఈకలు కూరిన చలికోటు బయటపడింది. జిప్పు సగంలో బిగుసుకుపోయి ఉంది. వెలుతురులో పెట్టి చూస్తే, జిప్పు పళ్ళ మధ్య నలిగిపోయి నా నీలం చీర.

ఆ చీర సంగతి చెప్పాలి. కొట్లో ఆ కోటు కొన్నప్పుడు దాన్ని చేత్తో పట్టుకుని చూశాను. బరువే లేదు. మా ఇళ్ళలో చలంటే బొంత, బొంతంటే బరువు. "ఊదితే ఎగిరిపోతాది, ఇదేటి సలి ఆపుతాదే?" అన్నాను. "ఈకలు పొంగి ఉంటేనే ఎచ్చదనమమా, బరువు కాదు," అని నవ్వింది. నాకు నమ్మకం కుదరలేదు. ప్రయాణం ముందురోజు అది శ్రీకాకుళం పనిమీద వెళ్ళినప్పుడు, మెత్తబడిన నా నూలు చీర రెండు మడతలు వేసి కోటు లోపలంతా బొంతలా కుట్టేశాను. వచ్చి చూసి, "బొంతెట్టీసినావేటమా," అంది. అంతే అంది.

కోటు తీసుకెళ్ళి ఆసుపత్రి మంచం మీద పెట్టాను. "ఇదేటే?" అన్నాను.

జిప్పులో నలిగిన గుడ్డను ఎడమచేత్తో తడుముతూ చెప్పింది. ఎక్కుతుంటే చెమట పట్టింది. చీర దాన్నంతా పీల్చుకుంది. పైన గాలిలో ఆగేసరికి ఒంటికి మంచుగుడ్డ చుట్టినట్టయింది. జిప్పు పైకి లాగితే గుడ్డ ఇరుక్కుంది. లావు గ్లౌజుతో పట్టు చిక్కలేదు. కుడిచేతి గ్లౌజు విప్పింది.

"ఎంతసేపు విప్పినావే?"

"లెక్కెట్టనేదమా."

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే నువ్వింక సూది ముట్టుకోవు గదేటి. అయినా నాకు తెల్దా? కుట్టు ఇప్పీమని జట్టోలు సెప్పినారు. నీ సీర వాసనొస్తంటే ఇప్పబుద్ధి కానేదు."

డాక్టరు గారికి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "నూలు గుడ్డ చెమట పీల్చుకుంటుంది, ఆరదు. ఒళ్ళు తడిసి చల్లబడితే, గుండెను కాపాడుకోవడానికి శరీరం వేళ్ళకు రక్తం తగ్గించేస్తుంది," అన్నారు.

"అయితే నా వల్లేనా బాబూ?"

"చలి వల్లమ్మా," అన్నారు. మళ్ళీ ఆయనే, "అయినా నలుగురికీ చెప్పండి," అన్నారు. అందుకే మీకు చెప్తున్నాను.

ఎనిమిదో వారానికి గీత తేలింది. రెండు వేళ్ళకు చివరి కణుపులు తీసేశారు. నడిమివేలు దక్కింది. తర్వాత ఫిజియోథెరపీ. మెత్తటి బంతి నొక్కడం, పళ్ళెంలో బియ్యపు గింజలు ఒక్కొక్కటీ ఏరడం. గింజ జారిపోయినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఇప్పుడు జట్టులో కొత్తవాళ్ళకు నేర్పుతోంది. మంచు కురిసే పొద్దుల్లో ఆ వేళ్ళు ఇంకా సలుపుతాయి. వచ్చే ఏడు మళ్ళీ వెళ్తానంటోంది. నా గుండె ఒప్పుకోలేదు, నోరు మాత్రం వద్దనలేదు. మొన్న కొత్త కోట్లకు ఇద్దరం వెళ్ళాం. ఒంటికి తగిలేది ఉన్ని, దాని మీద ఈకలది, అన్నిటికీ పైన గాలినీ వాననూ ఆపేది. ఆ పైకోటు లోపలివన్నీ నలగకుండా పట్టేంత వదులు. అన్నీ కొట్లోనే తొడుక్కుని, గ్లౌజులు వేసుకుని జిప్పు లాగింది. పట్టు తగ్గిన చేతికి జిప్పు కొస చిక్కలేదు.

"అమా, దీనికో తాడు అల్లీ," అంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక నేను సూదీ దారం ముట్టుకోలేదు. ఆ రోజు నీలం చీర అంచు చింపి, మూడు పాయలుగా గట్టిగా అల్లి జిప్పు కొసకు కట్టాను. కోటులో ఒక్క కుట్టు వెయ్యలేదు. గ్లౌజుతో పట్టుకుని పదిసార్లు పైకీ కిందికీ లాగింది. ప్రతిసారీ జిప్పు పడింది.

మీరూ అంతే చెయ్యండి. గ్లౌజు విప్పకుండా జిప్పు పడని కోటు ఎంత మంచిదన్నా ఇంటికి తేవద్దు. తెచ్చినదానికి ప్రేమకొద్దీ ఏమీ కలపవద్దు. మీ పిల్లలు ఏ కొండకెళ్ళినా పది వేళ్ళతో తిరిగొచ్చి, మీ ఇంట్లో మీరు వడ్డించిన అన్నం తమ చేత్తో కలుపుకుని తినాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ.