తినకుండా లేచినవాడి రాజీనామా

చరిత్ర పుస్తకాల మీద నాకు తీరని కోపం ఒకటుంది. రోమ్ అంటే రాజులు, రథాలు, కత్తులు. ఆ కత్తులు పట్టినవాళ్లకి తిండి పండించినవాళ్లు ఏమైపోయారు? రబ్బరు తోట బడిలో ఆరో తరగతితో ఆగిపోయిన నాకు దీనికి జవాబు చెప్పినవాడు లేడు. చివరికి మా పక్క పట్నం ఇపోలో, పాత పుస్తకాల కొట్టులో అట్ట ఊడిన పుస్తకం ఒకటి చెప్పింది. రోమ్ ఏలుబడిలో ఉన్న ఈజిప్టు పల్లెల్లో రైతులు సంఘాలు కట్టుకున్నారట, కట్టుబాట్లు రాసుకున్నారట. తోటివాడి కష్టం చూసీ ఊరుకుంటే జరిమానా. విందులో ఒకడి చోట ఇంకొకడు కూర్చుంటే దానికీ జరిమానా!

మా ఊరు సుంగై సిపుట్‌లో రబ్బరు తోట మూతపడ్డాక, రైలు పట్టాల పక్క నేలలో కూరగాయలు వేసుకున్న మా పద్నాలుగు కుటుంబాలు సంఘం పెట్టుకున్నాయి. కట్టుబాట్లు రాసే పని నాకే పడింది. ఆ రైతులను చూసే రాశాను. విందులో ఎవరి చోటు వాళ్లది. ఎవరు మంచాన పడినా మిగతావాళ్లు వెళ్లి ఆ మడి కోయాలి, రానివాడికి జరిమానా. నా సొంతది ఒకటి కలిపాను: సంఘం విడిచేవాడు విందులో అందరితో తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు ఆ మాట అనాలి. ఖాళీ కడుపుతో అన్నది చెల్లదు.

కిందటేడు విందులో, గాలి తగిలే నా చోట మా వియ్యంకుడు దర్జాగా కూర్చున్నాడు.

"అది నా సోటు," అన్నాను.

"నీ పేరు రాసుందేటి బావా? రోమ్ నించి తెచ్చుకున్నావా?"

అందరూ నవ్వారు. వడ్డించిన ఆకు ముందు నుంచి లేచి, "ఈ సంఘానికీ నాకూ సెల్లు!" అని వచ్చేశాను. తర్వాత వియ్యంకుడు జ్వరంతో పడుకుంటే అందరూ అతని వంకాయలు కోశారు. నేను అటు తొంగి చూడలేదు.

మొన్న కాలవ మీది పలక జారి నా చీలమండ విరిగింది. కాలికి కట్టు. పెరటి వెనక నాలుగు వరసల బొబ్బరికాయలు సరిగ్గా కోతకొచ్చాయి. అవి రోజు విడిచి రోజు కొయ్యాలి. మూడో రోజు దాటితే గింజ ఉబ్బిపోతుంది, తీగ కూడా ఇక పూత ఆపేస్తుంది. ఈ కాపంతా పోయినట్టే.

"పిలవమంటావా?" అంది మా ఆవిడ.

"ఏ మొహంతో? నేను వాళ్ల మనిషిని కాను."

రెండు రోజులు పైకప్పు చూస్తూ ఆ రోమ్ రైతుల్నే తిట్టుకున్నాను. మూడో రోజు పొద్దున్నే వెనక మాటలు వినిపించాయి. కుంటుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లాను. తీగల మధ్య వరసగా గడ్డి టోపీలు. ముందు వరసలో వియ్యంకుడు, కాయలు కట్టలు కడుతున్నాడు.

ప్రాణం లేచొచ్చింది. నోరు మాత్రం ఊరుకోలేదు.

"ఎవరు రమ్మన్నారు? నేను సంఘం ఇడిసినాను గదా!"

"ఎప్పుడు ఇడిసినావు?" అన్నాడు వియ్యంకుడు. "తిన్నావేటి? సెయ్యి కడిగినావేటి? తినకుండా లేసినోడి మాట సెల్లదని రాసిందెవరు?"

"నేనే."

"అయితే కాలు పైన పెట్టుకుని కూకో."

"మరి రెండు దినాలు ఎందుకు రానేదు?"

"నువ్వు పిలుస్తావేమోనని సూసినాం. రాయంత మొండోడివి."

"నీ వంకాయలకి నేను రానేదు, బావా," అన్నాను కాస్త తగ్గి.

"గుర్తుంది. కాలు కుదిరినాక మా మడిలో రెండు దినాలు. జరిమానా."

రాసినవాణ్ణి నేనే, కాదనడానికి లేదు. మా ఆవిడ ఒక కట్ట లోపలికి తెచ్చింది. కొన్ని ముదిరాయి. మిగతా వాటిలోంచి ఒక కాయ తీసి విరిచాను. పటుక్కున విరిగింది. లేతగానే ఉంది.

ఆ చోటు సంగతి మాత్రం ఈ ఏటి విందులో తేలుస్తాను. ఈసారి తిన్నాకే.